ఉద్దేశం సంగతి తర్వాత, దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి



క్యాంపస్‌లో గానీ ఆఫీసులో గానీ వివక్ష జరిగిందని మనవాళ్లు నోరు తెరిస్తే ముందుగా ఎదురయ్యే ప్రశ్నలు రెండు. "కులం పేరు ఎవరైనా ఎత్తారా?" "కావాలని చేశారనడానికి రుజువుందా?" రెండింటికీ లేదనే జవాబు వస్తే ఫైలు మూసేస్తారు. పైగా రూలు అందరికీ ఒకటే కదా, మీకొక్కరికే ఎందుకు బాధ అని తిరిగి మనల్నే అడుగుతారు. రోహిత్ వేముల పోయిన 2016లో ఈ ప్రశ్నలు విన్నాం. ఇప్పటికీ వింటూనే ఉన్నాం.

అసలు ఈ ప్రశ్నలే తప్పని చెప్పడానికి తన వృత్తి జీవితమంతా వెచ్చించిన ఒక జడ్జి గురించి ఈ భాగంలో రాస్తున్నాను. ఆమె మన దేశపు మనిషి కాదు. పేరు రోసలీ సిల్బర్‌మన్ అబెల్లా. కెనడా సుప్రీంకోర్టులో 2004 నుంచి 2021 దాకా పదిహేడేళ్లు జడ్జిగా పనిచేశారు.

సాహిత్యం చదువుకున్న నాకు కోర్టు తీర్పులు చదివే అలవాటు పెద్దగా లేదు. 2021లో మన సుప్రీంకోర్టు మహిళా సైనికాధికారుల కేసులో ఇచ్చిన తీర్పు చదువుతుంటే ఒక కెనడా కేసు పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. ఆ కేసు పట్టుకుని వెనక్కి వెళ్తే ఈమె దగ్గరికి చేరాను. ఇంకా వెనక్కి వెళ్తే ఈమె తండ్రి దగ్గరికి చేరాను. కథ అక్కణ్ణుంచే చెప్పాలి.

అబెల్లా 1946 జూలై 1న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పుట్టారు. పుట్టింది ఆసుపత్రీ సొంత ఇల్లూ ఉన్న ఊళ్లో కాదు, యుద్ధంలో సర్వం పోగొట్టుకున్నవాళ్ల కోసం పెట్టిన శిబిరంలో. తల్లిదండ్రులు పోలండ్ యూదులు. నాజీ క్యాంపుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు. వాళ్ల మొదటి బిడ్డను, రెండున్నరేళ్ల కొడుకును, ట్రెబ్లింకాలో చంపేశారు. తండ్రి యాకోబ్ సిల్బర్‌మన్ క్రాకోవ్‌లోని ప్రసిద్ధ యాగెలోనియన్ విశ్వవిద్యాలయంలో లా చదివినవాడు. యుద్ధం ముగిశాక జర్మనీలో అమెరికన్ల అధీనంలో ఉన్న ప్రాంతంలో నిరాశ్రయులకు న్యాయసహాయం చూసే బాధ్యత ఆయనకే అప్పగించారు. 1950లో కుటుంబం కెనడా వెళ్లింది.

ఆ కెనడా ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. 1933 నుంచి 1945 దాకా, యూరప్‌లో యూదుల్ని చంపుతున్న కాలంలో, కెనడా లోపలికి రానిచ్చిన యూదు శరణార్థులు సుమారు 5,000 మంది మాత్రమే. ఆ చరిత్రను పాత ఫైళ్లలోంచి తవ్వి తీసిన "నన్ ఈజ్ టూ మెనీ" పుస్తక రచయితలు ఇద్దరిలో ఒకరు ఇర్వింగ్ అబెల్లా. రోసలీ భర్త ఆయనే.

టొరంటోలో దిగాక యాకోబ్ లా సొసైటీకి వెళ్లి అడిగాడు: ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే నేను ఏ పరీక్షలు రాయాలి? పరీక్షల సంగతి కాదు, మీరు ఈ దేశ పౌరులు కాదు కాబట్టి కుదరదన్నారు. ఇంట్లో పిల్లలున్నారు. ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటుగా స్థిరపడ్డాడు. నాన్న కాలేని లాయరు నేనవుతానని నాలుగేళ్ల పాప అప్పుడే అనుకున్నదట. 1970లో ఆమె టొరంటో విశ్వవిద్యాలయంలో లా పూర్తి చేసింది. పట్టా తీసుకోవడానికి నెల ముందు తండ్రి చనిపోయాడు.

ఒక్క క్షణం అక్కడ ఆగండి. యాకోబ్‌కు వాళ్లు చెప్పిన కారణం ఒక రూలు. యూదుడివి కాబట్టి అనలేదు. ఆ రూలు ఎవరికైనా అదే. అయినా క్యాంపుల్లోంచి వచ్చిన ఒక న్యాయవాది జీవితం అక్కడ ఆగిపోయింది. కులం పేరెత్తకుండానే మన జీవితాలు ఎట్లా ఆగిపోతాయో తెలిసిన మనకు ఇది అర్థం కావడానికి అంతర్జాతీయ చరిత్ర చదవనక్కర్లేదు.

అబెల్లా 1972లో న్యాయవాదిగా నమోదయ్యారు. 1975లో ఆంటారియో మానవ హక్కుల కమిషన్‌లో సభ్యురాలయ్యారు. 1976లో, 29 ఏళ్ల వయసులో, ఫ్యామిలీ కోర్టు జడ్జి అయ్యారు. అప్పుడామె గర్భవతి. కెనడాలో గర్భవతిగా ఉండగా జడ్జి అయిన మొదటి స్త్రీ ఆమేనంటారు.

1983లో కెనడా కేంద్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో సమానత్వం మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. కమిషన్ అంటే పదిమంది సభ్యులనుకోకండి. ఉన్నది ఒక్కరే, అబెల్లా. ఎయిర్ కెనడా, పెట్రో కెనడా, కెనడా పోస్ట్, రైల్వే లాంటి పదకొండు ప్రభుత్వ సంస్థల్లో నలుగురి పరిస్థితి చూడమన్నారు: స్త్రీలు, ఆదివాసీలు, వికలాంగులు, తెల్లవాళ్లు కాని మైనారిటీలు. 1984 అక్టోబరులో ఆమె నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికలో అసలు విషయం వివక్ష అంటే ఏమిటో చెప్పిన తీరు. అప్పటిదాకా వివక్ష అంటే ఒక చెడ్డ మనిషి ద్వేషంతో చేసే పని. కాబట్టి ఆ ద్వేషాన్ని రుజువు చేయాలి. అబెల్లా దాన్ని తిప్పి రాశారు. ఒక పద్ధతి కావాలని పెట్టిందా, అనుకోకుండా వచ్చిందా అన్నది తేల్చాల్సిన విషయం కాదు. దానివల్ల ఒక సమూహానికి అవకాశాలు మూసుకుపోతున్నాయా? అందుకు కారణం వాళ్ల నిజమైన సామర్థ్యం కాకుండా వాళ్ల మీద ఇతరులు అంటగట్టిన లక్షణమా? అయితే అది వివక్షే. ఎత్తు కొలతో, ఫలానా అనుభవమో, తెలిసినవాళ్ల సిఫారసో, ఇంటర్వ్యూ బోర్డు అలవాటో, ఇవన్నీ కలిసి ఒక వ్యవస్థ అవుతాయి. అందులో ఏ ఒక్కరూ దుర్మార్గులు కానక్కర్లేదు. ఫలితం మాత్రం దుర్మార్గంగానే ఉంటుంది.

ఇంకో మాట కూడా రాశారు. సమానంగా చూడటమంటే అందరినీ ఒకేలా చూడటం కాదు. కొన్నిసార్లు తేడాల్ని పట్టించుకోకుండా ఉండటం సమానత్వం. కొన్నిసార్లు తేడాల్ని పట్టించుకోవడమే సమానత్వం. రిజర్వేషన్ గురించి ఇంట్లో, బస్సులో, వాట్సాప్ గ్రూపులో వాదించి అలిసిపోయిన మనకు ఇది కొత్త మాట కాదు. కానీ ఒక ప్రభుత్వ నివేదికలో, అధికార భాషలో, అంత సూటిగా ఉండటం కొత్తే.

అమెరికాలో వాడే "అఫర్మేటివ్ యాక్షన్" అనే పేరు వినగానే జనం వాదనకు దిగుతున్నారని, చర్చ పేరు దగ్గరే ఆగిపోతోందని ఆమె ఆ పేరు వదిలేసి "ఎంప్లాయ్‌మెంట్ ఈక్విటీ" అనే కొత్త పేరు పెట్టారు. 1986లో ఆ పేరుతోనే చట్టం వచ్చింది. ఇది కోటాల చట్టం కాదు. సంస్థలో ఏ సమూహం వాళ్లు ఏ హోదాలో ఎంతమంది ఉన్నారో లెక్క తీసి ఏటా ప్రభుత్వానికి చెప్పాలి, ఆటంకాలు తొలగించే ప్రణాళిక వేయాలి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే ఇది ప్రైవేటుకు కూడా వర్తిస్తుంది. కేంద్రం నియంత్రణలో ఉండే బ్యాంకులు, టెలికాం, విమాన, రైలు రవాణా కంపెనీల్లో వందమంది, ఆపైన ఉద్యోగులున్నవి ఈ చట్టం కిందికి వస్తాయి. మన దగ్గర ప్రైవేటు రంగంలో కులాల వారీ లెక్క అడగడమే పెద్ద నేరమన్నట్టు చూస్తారు.

ఇప్పుడు మళ్లీ ఆ తండ్రి దగ్గరికి రావాలి. కెనడా హక్కుల చార్టర్‌లో సమానత్వం గురించి చెప్పే సెక్షన్ 15 అమల్లోకి వచ్చింది 1985లో. దానిమీద సుప్రీంకోర్టు ఇచ్చిన మొట్టమొదటి తీర్పు 1989 నాటి ఆండ్రూస్ కేసు. కేసు ఏమిటో తెలుసా? బ్రిటిష్ కొలంబియాలో అన్ని అర్హతలూ ఉన్న ఒకాయన్ని, కెనడా పౌరుడు కాదన్న ఒక్క కారణంతో లాయరుగా చేర్చుకోలేదు. యాకోబ్‌ను ఆపింది ఇలాంటి రూలే. ఆ రూలు చెల్లదని మెజారిటీ జడ్జిలు తేల్చారు. వివక్ష అంటే ఏమిటో వివరించిన భాగం జస్టిస్ మెకింటైర్ రాశారు. అక్కడ ఆయన ఆధారం చేసుకున్నవాటిలో ఒకటి అబెల్లా కమిషన్ నివేదికలోని నిర్వచనం. అప్పటికామె సుప్రీంకోర్టు జడ్జి కాదు. తండ్రి పోయి పంతొమ్మిదేళ్లయింది. ఆయన్ని బయట నిలబెట్టినలాంటి రూలును కొట్టేయడానికి కూతురు రాసిన వాక్యాలు పనికొచ్చాయి.

అయితే చరిత్ర ఎప్పుడూ ముందుకే నడవదు. 1999లో అదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో "మానవ గౌరవం" అనే కొలత తెచ్చింది. వినడానికి బాగుంది. ఆచరణలో ఏమైందంటే, నష్టం జరిగిందని చెబితే చాలదు, దానివల్ల నీ గౌరవం దెబ్బతిన్నదని కూడా రుజువు చేయమన్నారు. బాధితుల మీద బరువు పెరిగింది. దాదాపు పదేళ్లు అలా నడిచాక, 2008లో కాప్ కేసులో చీఫ్ జస్టిస్ బెవర్లీ మెక్లాక్లిన్, అబెల్లా కలిసి రాసిన తీర్పు ఆ కొలత ఇబ్బంది పెట్టిందని ఒప్పుకుని పక్కన పెట్టింది.

కాప్ కేసు మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. బ్రిటిష్ కొలంబియాలో ఫ్రేజర్ నది ముఖద్వారం దగ్గర సాల్మన్ చేపలు పట్టుకోవడానికి మూడు ఆదివాసీ సమూహాలకు ప్రభుత్వం ఇరవైనాలుగు గంటలు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. మిగతా జాలర్లు, ఇది మామీద జాతి వివక్ష అని కోర్టుకెళ్లారు. మన దగ్గర "రివర్స్ డిస్క్రిమినేషన్" అంటూ వినపడే పాటే. వెనకబెట్టినవాళ్ల స్థితి మెరుగుపరిచే కార్యక్రమం సమానత్వానికి మినహాయింపు కాదు, అది సమానత్వంలో భాగమే అని కోర్టు చెప్పింది.

ఈ విషయంలో మనం ఎవరికీ తీసిపోలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. 1975లోనే ఎన్.ఎం. థామస్ కేసులో మన సుప్రీంకోర్టు ఈ మాట అన్నది. కేరళలో ఎస్సీ, ఎస్టీ గుమస్తాలకు డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసవడానికి అదనపు గడువు ఇస్తే ఒకాయన సవాలు చేశాడు. రాజ్యాంగంలోని 16(4) సమానత్వానికి మినహాయింపు కాదని ఆ తీర్పు దారి వేసింది. కెనడా కంటే దాదాపు ముప్పై మూడేళ్లు ముందు. రాజ్యాంగం రాసిన మనిషి ఎవరో మనకు తెలుసు కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మనం వెనకబడింది ఇంకోచోట. రిజర్వేషన్ ఇచ్చాక, లోపలికి వచ్చినవాళ్లను అక్కడి రూళ్లు, అలవాట్లు ఎలా బయటికి నెడుతున్నాయో పట్టుకునే చట్టభాష మన దగ్గర చాలా కాలం లేదు. అబెల్లా పని మనకు పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

2012 నాటి మూర్ కేసు చూడండి. తీవ్రమైన డిస్లెక్సియా ఉన్న ఒక పిల్లవాడు. చదవడం నేర్పడానికి ప్రభుత్వ బడిలో ఉన్న ప్రత్యేక కేంద్రాన్ని డబ్బుల్లేవని మూసేశారు. ప్రైవేటు బడికి వెళ్లక తప్పలేదు. స్కూలు బోర్డు తరఫు వాదన ఏమిటంటే, ఇతన్ని పోల్చాల్సింది ప్రత్యేక అవసరాలున్న మిగతా పిల్లలతోనే, వాళ్లకంటే ఇతనికి తక్కువేమీ చేయలేదు కదా అని. అబెల్లా ఏకగ్రీవ తీర్పు రాస్తూ ఆ పోలికే తప్పన్నారు. బడి అందరు పిల్లలకూ ఇస్తానన్నది చదువు. ఆ చదువు ఇతనికి అందిందా లేదా అన్నదే ప్రశ్న. ప్రత్యేక బోధన అతనికి చేసిన అదనపు ఉపకారం కాదు, చక్రాల కుర్చీకి ర్యాంపు ఎలాగో చదువులోకి వెళ్లడానికి అతనికి అది అలాగ. స్కాలర్‌షిప్పును, హాస్టల్‌ను, రెమెడియల్ క్లాసును దయగా చూసే ప్రిన్సిపాళ్లకు ఈ తీర్పు చదివి వినిపించాలి.

2013లో ఒక క్యుబెక్ కేసులో ఆమె ఇంకో ముడి విప్పారు. పెళ్లి చేసుకోకుండా కలిసి బతికినవాళ్లకు విడిపోయాక భరణం హక్కు లేదన్న చట్టం అది. దురభిప్రాయం ఉందని, మూస ముద్ర వేశారని బాధితులు విడిగా రుజువు చేయనక్కర్లేదని, చూడాల్సింది మనసులో ఏముందని కాదు, చేసిన పని ఏం చేసిందన్నదని ఆమె రాశారు. సమానత్వ హక్కుకు భంగం కలిగిందన్న విషయంలో మెజారిటీ ఆమెతో ఉన్నారు. ఇతర కారణాలతో ఆ చట్టం మాత్రం నిలబడిపోయింది. సూత్రం గెలిచింది, మనుషులు ఓడారు. కోర్టుల్లో అది కూడా జరుగుతుంది.

ఇక మన తీర్పులో కనిపించిన కేసు. పేరు ఫ్రేజర్. 2020 అక్టోబరు 16న వచ్చింది. కెనడా జాతీయ పోలీసు దళంలో 1997 నుంచి ఒక పద్ధతి ఉండేది. ఒక ఫుల్‌టైమ్ ఉద్యోగాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుని తక్కువ గంటలు పనిచేయొచ్చు. దాన్ని వాడుకున్నవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే, అందులోనూ ఎక్కువమంది చిన్నపిల్లల తల్లులు. తర్వాత పింఛను దగ్గర అసలు సంగతి బయటపడింది. జీతం లేని సెలవు పెట్టినవాళ్లు, చివరికి సస్పెండైనవాళ్లు కూడా డబ్బు కట్టి ఆ కాలానికి పూర్తి పింఛను హక్కు తిరిగి పొందొచ్చు. గంటలు తగ్గించుకుని పనిచేసిన తల్లులకు మాత్రం ఆ వీలు లేదు. ముగ్గురు విశ్రాంత ఉద్యోగినులు కోర్టుకెళ్లారు.

కింది కోర్టులు కొట్టేశాయి. తక్కువ గంటలు పనిచేస్తామని మీరే ఎంచుకున్నారు కదా అన్నాయి. సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలింది. మెజారిటీ తీర్పు అబెల్లాదే. పిల్లల పెంపకం ఆడవాళ్ల మీదే వేసిన సమాజంలో వాళ్లు తీసుకున్న నిర్ణయాన్ని స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనలేమని ఆమె రాశారు. ఆ తర్వాత రెండంటే రెండు ప్రశ్నలు పెట్టారు. ఒకటి, పైకి అందరికీ ఒకటిగా కనిపించే ఈ రూలు ఒక రక్షిత సమూహం మీద ఎక్కువగా పడుతోందా? రెండు, అలా పడటం వల్ల ఆ సమూహానికి ఇదివరకే ఉన్న వెనకబాటు కొనసాగుతోందా, పెరుగుతోందా? రెండింటికీ అవునంటే వివక్ష ఉన్నట్టే. ఉద్దేశం రుజువు చేయనక్కర్లేదు. సమూహంలో ప్రతి ఒక్కరికీ దెబ్బ తగిలి ఉండనక్కర్లేదు. లెక్కలుంటే మంచిదే, కానీ అవి లేవని కేసు కొట్టేయడానికి లేదు. ఇలా పోతే సమానత్వానికి హద్దు ఉండదని, చట్టసభ పని కోర్టు చేస్తోందని విభేదించిన జడ్జిల్లో ఇద్దరు గట్టిగా రాశారు. ఆ వాదన కూడా చదవండి. రేపు మన ఎదుటివాళ్లు మాట్లాడేది అదే.

ఈ రెండు ప్రశ్నలు చదివినప్పుడు నాకు డిగ్రీ రోజుల్లో ఒక నోటీసు బోర్డు గుర్తొచ్చింది. మెస్ బిల్లు బాకీ ఉన్నవాళ్లకు హాల్ టికెట్ ఇవ్వబడదు అని రాసి, కింద పేర్లు అంటించారు. రూలు అందరికీ ఒకటే. కానీ ఆ పేర్లలో మా వాడల పిల్లలం, తండాల పిల్లలం తప్ప ఇంకెవరూ లేరు. కారణం చాలా మామూలుది. మా మెస్ బిల్లు స్కాలర్‌షిప్పులోంచి కట్టాలి, ఆ ఏడాది స్కాలర్‌షిప్పు పరీక్షల నాటికి రాలేదు. ప్రభుత్వం ఆలస్యం చేసింది, కాలేజీ మమ్మల్ని ఆపింది. మా అమ్మ మిరపకోతల కూలి డబ్బులు అడ్వాన్సుగా తెచ్చి కట్టింది. అలా తెచ్చుకోలేని ఇద్దరు ఆ సెమిస్టర్ పరీక్ష రాయలేదు. ఒకడు మళ్లీ కాలేజీకే రాలేదు. వార్డెన్ మంచివాడే. కులం మాట ఎన్నడూ అనలేదు. ఫ్రేజర్ తీర్పులోని మొదటి ప్రశ్న ఆ నోటీసు బోర్డును అడిగి చూడండి. రెండోది ఆ రాకుండా పోయినవాణ్ణి అడగండి.

ఫ్రేజర్ వచ్చిన ఐదు నెలలకే అది ఢిల్లీ చేరింది. 2021 మార్చి 25న నితీషా కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన తీర్పు అది. మహిళా సైనికాధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని అంతకు ముందు ఏడాదే కోర్టు చెప్పింది. సైన్యం సరేనని, మగవాళ్లకు పెట్టిన వైద్య ప్రమాణాలే వీళ్లకూ పెట్టింది. రూలు ఒకటే. కానీ మగవాళ్లు ఆ పరీక్షకు నిలబడింది ఐదో ఏటో పదో ఏటో, పాతికా ముప్పై ఏళ్ల వయసులో. ఆడవాళ్లను నిలబెట్టింది ఇన్నేళ్లు హక్కు ఎగ్గొట్టి, నలభైలు దాటాక. పైకి సమానంగా కనిపించే ఈ పద్ధతి పరోక్ష వివక్ష అని, అది రాజ్యాంగంలోని 14, 15 అధికరణలకు విరుద్ధమని కోర్టు తేల్చింది. అందుకోసం ఫ్రేజర్ తీర్పులోని పద్ధతినే తీసుకుంది. 15వ అధికరణలో లింగం పక్కనే కులం ఉంది మిత్రులారా. ఆడవాళ్ల కేసులో తెరుచుకున్న ఈ తలుపు మనకూ తెరుచుకున్నట్టే.

మనవాళ్లు ఎందుకు ఎక్కువగా వాడుకోవట్లేదు మరి? నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. వివక్ష అనగానే మన చేతికొచ్చేది అట్రాసిటీ చట్టం. అది మన పోరాటం తెచ్చిన చట్టం, దాన్ని ఎవరు నీరుగార్చబోయినా వీధిలోకి వస్తాం. కానీ అది నేరశిక్షల చట్టం. నేరం అంటే ఫలానా మనిషి, ఫలానా మాట, ఫలానా ఉద్దేశం కావాలి. ఫ్రేజర్ తీర్పు వచ్చిన మూడు వారాలకు, 2020 నవంబరు 5న, హితేష్ వర్మ కేసులో మన సుప్రీంకోర్టు ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు జరిగిన దూషణ ఆ చట్టంలోని సంబంధిత సెక్షన్ కిందికి రాదని, అసలు గొడవ భూమి గురించని అంది. నోటీసు బోర్డును, కటాఫ్‌ను, వైవా మార్కుల తీరును అరెస్టు చేయలేం. వాటికి వేరే చట్టం కావాలి. జైలుకు పంపేది కాదు, పద్ధతి మార్చి నష్టం పూడ్చేది. సమాన అవకాశాల కమిషన్ పెట్టాలని సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసింది. ఇంతవరకు దిక్కులేదు.

కెనడాను నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. 1986 చట్టంలో లెక్కలు పంపకపోతే జరిమానా ఉంది గానీ, మనుషుల్ని తీసుకోకపోతే శిక్ష లేదు. అబెల్లా అడిగినంత గట్టి చట్టం రాలేదు. తెల్లవాళ్లు కాని అందరినీ ఒకే గంపలో వేయడం వల్ల నల్లజాతి కార్మికుల పరిస్థితి ఆ లెక్కల్లో కలిసిపోయింది. వాళ్లను విడిగా లెక్కించాలని 2023 డిసెంబరులో ప్రభుత్వ టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసింది. 1994 నుంచి దండోరా వేసిన నేలమీద ఈ గొడవను ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. ఇక ఆ సుప్రీంకోర్టు సంగతి: 1875లో మొదలైంది. 2021 దాకా అక్కడ కూర్చున్నవాళ్లంతా తెల్లవాళ్లే. అబెల్లా డెబ్బై అయిదేళ్లు నిండి రిటైరైతే ఆ ఖాళీలో వచ్చిన మహమూద్ జమాలే మొదటి తెల్లేతర జడ్జి. మొదటి ఆదివాసీ జడ్జి మిషెల్ ఒబాన్సవిన్ 2022లో వచ్చారు. సమానత్వం గురించి అంత గొప్పగా రాసిన కోర్టు తన కుర్చీల దగ్గరికి వచ్చేసరికి 146 ఏళ్లు తీసుకుంది.

ఈ కథకు మన పిల్లలతో ఇంకో సంబంధం ఉంది. టొరంటోకూ బ్రాంప్టన్‌కూ వాంకూవర్‌కూ ఇప్పుడు మన ఊళ్ల నుంచి వెళ్తున్నారు. వాళ్లతోపాటు కులం కూడా విమానం ఎక్కుతోంది. ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఏ వైపు ఇల్లని అడిగి, "శాకాహారులకే గది" అని పెట్టి, కులం మాట ఎత్తకుండానే మనుషుల్ని జల్లెడ పడతారు. 2023లో బ్రిటిష్ కొలంబియా మానవ హక్కుల ట్రిబ్యునల్, ఒక పంజాబీ దళిత టాక్సీ డ్రైవర్‌ను కులం పేరుతో దూషించిన కేసులో అది వివక్షేనని తేల్చి నష్టపరిహారం ఇప్పించింది. అక్కడి చట్టంలో కులం అనే మాటే లేదు. వంశం, మతం, పుట్టిన చోటు లాంటి మాటల్లోంచే దారి తీశారు. అదే ఏడాది అక్టోబరులో ఆంటారియో మానవ హక్కుల కమిషన్ కుల వివక్ష తమ చట్టం కిందికి వస్తుందని విధాన ప్రకటన చేసింది. 1975లో అబెల్లా సభ్యురాలిగా చేరిన కమిషన్ అదే. అక్కడున్న మన పిల్లలు ఈ ప్రకటన కాపీ ఫోనులో పెట్టుకోండి.

ఇప్పుడు పని. ఈ వారం మీ కాలేజీలో, మీ హాస్టల్లో, మీ ఆఫీసులో ఒక్క రూలు తీసుకోండి. హాజరు శాతం కావచ్చు, ఫైన్ కావచ్చు, ఇంగ్లీషులోనే ప్రెజెంటేషన్ ఇవ్వాలన్నది కావచ్చు, గైడ్‌ను కేటాయించే పద్ధతి కావచ్చు. దానివల్ల గత మూడేళ్లలో ఎవరెవరు ఆగిపోయారో, కేటగిరీల వారీగా ఎంతమందో సమాచార హక్కు కింద అడగండి. జవాబు రాకపోతే మీరే గదిగదికీ తిరిగి రాసుకోండి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న చర్చలోకి దిగకండి. ఎవరిమీద పడింది, పడ్డాక వాళ్లేమయ్యారు, ఈ రెండే రాయండి. మానేసిన పిల్లల దగ్గరికి వెళ్లి, వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల మాటల్లోనే రాయండి. పేర్లు బయట పెట్టొద్దు.

రాసినవి నాకు పంపండి. లాయరు మిత్రులు ఇద్దరు చదువుతామన్నారు. నితీషా తీర్పు మీద నిలబెట్టగల కేసు ఒక్కటి దొరికినా దాన్ని ముందుకు తీసుకెళ్దాం. వచ్చే భాగంలో వైవా మార్కుల గురించి రాస్తాను. ఆ లెక్కలు ఉన్నవాళ్లు ముందుగా పంపితే మంచిది.

జై భీమ్.